‘మీ దరఖాస్తు పరిశీలనలో ఉన్నది’: సటీకా తాత్పర్యం

అవతారిక

కోలాచల మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారంవాడు. కాళిదాసు కావ్యాలకు టీక రాస్తూ ఆయన ఒక ఒట్టు పెట్టుకున్నాడు: ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను. ఆయనకు చెల్లింది. చేతిలో రఘువంశం ఉన్నవాడికి బయటి సరుకుతో ఏం పని? నా చేతికి వచ్చిన మూలం నాలుగే మాటలు. అందుకని ఆ ఒట్టు నేను పెట్టుకోవడం లేదు.

నేను ఉభయభాషాప్రవీణ చదివి, ముప్ఫై మూడేళ్లు హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని. మా చెల్లెలి కూతురు హైదరాబాదులో ఫిలాసఫీ ఎం.ఏ. చేసింది. పోయిన డిసెంబరులో అమెరికాలో తొమ్మిది యూనివర్సిటీలకు ఫిలాసఫీ పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టింది. చుట్టాల్లో ఎవరికి చెప్పినా ముందు తలూపి, ఆ తర్వాత “పీహెచ్‌డీ సరే, ఎందులో?” అనేవారు. “ఫిలాసఫీలో” అంటే, “అదేనమ్మా, పీహెచ్‌డీ అంటే డాక్టర్ ఆఫ్ ఫిలాసఫీయే కదా, ఎందులో అని!” పునరుక్తి దోషమే గానీ, ఆ దోషం అమ్మాయిది కాదు. అమెరికాలో మొదటి పీహెచ్‌డీలు 1861లో యేల్‌లో ముగ్గురికి ఇచ్చారు. అప్పటి నుంచి రసాయనశాస్త్రం చదివినవాడూ ఫిలాసఫీ డాక్టరే, వంతెనల మీద పరిశోధన చేసినవాడూ ఫిలాసఫీ డాక్టరే. నిజంగా ఫిలాసఫీ చదివినవాడు మాత్రం ఆ మాట రెండుసార్లు చెప్పుకోవాలి.

దరఖాస్తు పెట్టిన మర్నాటి నుంచి తొమ్మిది పోర్టళ్లలోనూ ఆమె పేరు కింద ఇంచుమించు ఒకే వాక్యం. అమ్మాయి దాన్ని రోజుకు నలభై సార్లు చదివేది. ఇంత పారాయణ జరిగే గ్రంథానికి తెలుగులో టీక లేకపోవడం లోటని తోచి, నేను పూనుకున్నాను.

మూలం

మీ దరఖాస్తు పరిశీలనలో ఉన్నది.

పాఠాంతరాలు

అసలు మూలం ఇంగ్లీషు. అమ్మాయి చేసిన మొదటి అనువాదం “సమీక్ష కింద ఉన్నది”. అక్కడ ‘అండర్’ అని ఉందట. “దేని కింద?” అని అడిగాను. “మిగతా వాళ్ల దరఖాస్తుల కింద మామయ్యా” అంది. ఈ పాఠమే అసలైనదని నా లోపలి అభిప్రాయం. అయినా వ్యవహారంలో ఉన్నదాన్నే పై మూలంలో స్వీకరించాను. ఒక చోట ‘అందినది’ అని, ఇంకో చోట ‘పూర్తి అయినది’ అని ఉన్నాయి. ‘పూర్తి అయినది’ చూసి మా చెల్లెలు పాలకోవా తెచ్చింది. కాగితాలన్నీ చేరాయని మాత్రమే దానర్థమని తెలిసేసరికి సగం తినేశాం.

అన్వయం

దరఖాస్తు ఉన్నది. ఎక్కడ? పరిశీలనలో. ఎవరిది? మీది. ఇందులో కర్త దరఖాస్తు. పరిశీలించేవాడు వాక్యంలో లేడు. ఎవరు పరిశీలిస్తున్నారో, ఎప్పటికి ముగిస్తారో చెప్పకుండా వాక్యం పూర్తయింది. తహసీల్దారు ఆఫీసు మెట్లెక్కినవాళ్లకు ఈ నిర్మాణం కొత్త కాదు.

వాక్యం అర్థం కావాలంటే మూడు కావాలని శాస్త్రం: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఒక మాట మరో మాటను కోరాలి, రెండూ పొసగాలి, రెండూ దగ్గరగా ఉండాలి. ఇక్కడ ఆకాంక్ష అమ్మాయిది, దానికి లోటు లేదు. యోగ్యత తేల్చేది కమిటీ. సన్నిధి సుమారు పదమూడు వేల కిలోమీటర్లు. మూడింట్లో ఒకటే మన చేతిలో ఉంది గనుక వాక్యార్థబోధ ఇప్పట్లో కలగదు.

ప్రతిపదార్థం

మీ = నీయొక్క. ఇంగ్లీషులో నువ్వూ మీరూ ఒకటే. అనువదించేటప్పుడు అమ్మాయి మర్యాదకు ‘మీ’ వేసుకుంది. పూజార్థంలో బహువచనం అని ఒక పక్షం. అయితే ఇదే వాక్యం దరఖాస్తు పెట్టిన వాళ్లందరి తెరల మీదా ఉంది. పేరున్న శాఖకు రెండు మూడు వందల మంది పెడతారు. కాబట్టి ఇది నిజంగానే బహువచనమని రెండో పక్షం. అలాగైతే ‘దరఖాస్తులు’ అని ఉండాలి గదా అని శంక. అక్కర్లేదు. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చున్నవాణ్ని గనుక చెబుతున్నాను, ఒక కట్ట దాటిన తర్వాత అందరూ కలిసి ఒకే పేపరు రాశారేమో అనిపిస్తుంది. ఆ దశలో ఏకవచనమే సాధువు.

దరఖాస్తు = విన్నపం. పారసీ మాట, ఉర్దూ మీదుగా మన కచేరీల్లోకి వచ్చింది. అమరకోశంలో వెతక్కండి. ఇది చూడటానికి ఒక వస్తువులా ఉంటుంది గానీ పంచాంగంలాగా అనేక అంగాలు కలది. వాటిలో జీఆర్‌ఈ అనే అంగాన్ని కరోనా తర్వాత చాలా ఫిలాసఫీ శాఖలు కోసేశాయి గనుక దాన్ని గురించి చెప్పను.

మొదటి అంగం రుసుము. ఒక్కో చోటికి వంద డాలర్లకు అటూ ఇటూ. తొమ్మిది చోట్లకు మన డబ్బుల్లో డెబ్బై అయిదు వేల పైచిలుకు. విదేశీయులకు మాఫీ చాలాచోట్ల లేదు. తిరిగి ఇవ్వరు. మా బావ దీన్ని హుండీ అన్నాడు. హుండీలో వేసినవాడికి కనీసం తీర్థం పోస్తారు గదా అని మా చెల్లెలు.

రెండోది స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. దీనికోసం అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి అమ్మాయితో పాటు నేనూ వెళ్లాను. అక్కడి కుర్రాడు మర్యాదస్తుడు. “డేటా సైన్స్ అయితే గంటలో ఇచ్చేస్తాం సార్. ఫిలాసఫీకి మా దగ్గర ఫార్మాట్ లేదు” అన్నాడు. వాళ్ల ఫార్మాట్ ఒకటి చూపించాడు కూడా. చిన్నప్పటి నుంచీ నాకు కంప్యూటరంటే ఎంతో ఇష్టం అని మొదలవుతుంది. కంప్యూటర్ చోట ‘ఆత్మ’ పెడితే సరిపోతుందేమోనని నేనన్నాను. అమ్మాయి నవ్వలేదు. ఫిలాసఫీ శాఖలు ఇష్టాన్ని అడగవట. ఏ ప్రశ్న నిన్ను పట్టుకుంది, దాని మీద ఇప్పటిదాకా ఏం చేశావు, మా దగ్గర ఎవరితో కలిసి చేస్తావు, ఇంతే అడుగుతాయట. రెండు పేజీలు. ఆ రెండు పేజీలకు ఆమె అక్టోబరు మొత్తం ఖర్చు పెట్టింది.

మూడోది సిఫారసు ఉత్తరాలు, మూడు. ప్రొఫెసర్లు నేరుగా పోర్టల్లోకి ఎక్కించాలి. వాటిని చూసే హక్కు నాకు అక్కర్లేదని విద్యార్థి ముందే గడిలో టిక్కు పెడుతుంది. తన గురించి ఏం రాశారో తనకు తప్ప అందరికీ తెలుస్తుంది. న్యాయశాస్త్రంలో శబ్దప్రమాణం అంటే ఆప్తవాక్యం, నమ్మదగినవాడి మాట. ఈ ఉత్తరం అచ్చంగా అదే. చిక్కల్లా ‘ఎవరికి ఆప్తుడు’ అన్న దగ్గర వస్తుంది. కమిటీలో కూర్చున్నవాళ్లకు సాటి అమెరికా ప్రొఫెసరు ఆప్తుడు. అతని పుస్తకం చదివి ఉంటారు, ఏదో సభలో పక్కన కూర్చుని కాఫీ తాగి ఉంటారు. అతను ‘బాగుంది’ అంటే ఎంత బాగుందో వాళ్లకు తెలుసు. మా అమ్మాయికి చదువు చెప్పినాయన ‘నా ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఇలాంటి విద్యార్థిని చూడలేదు’ అని రాసినా, ఆ ముప్ఫై ఏళ్లలో ఆయన ఎవరెవర్ని చూశాడో వాళ్లకు తెలియదు. ఇది ఎవరి తప్పూ కాదు. కానీ అన్యాయం కాదని మాత్రం నేననను. మూడో ఉత్తరం డిసెంబరు 14 రాత్రి పదకొండున్నరకు చేరింది. గడువు 15.

నాలుగోది రైటింగ్ శాంపిల్. పదిహేను నుంచి పాతిక పేజీల వ్యాసం. దరఖాస్తుకు ఇదే ప్రాణమని, మిగతావన్నీ గది తలుపు దాకా తీసుకెళ్తే లోపలికి లాగేది ఇదేనని అంటారు. మా అమ్మాయి రాసింది అభావం మీద. నేల మీద కుండ లేదు. లేదని నీకెలా తెలిసింది? కంటికి కనిపించేది నేలే గదా. ‘లేకపోవడం’ ఏ రంగులో ఉంటుంది? నైయాయికులు అభావాన్ని కూడా కన్నే పట్టుకుంటుందన్నారు. మీమాంసకుడైన కుమారిలభట్టు ఒప్పుకోలేదు. కన్ను చూసేది నేలనే, కుండ లేదన్న జ్ఞానానికి వేరే ప్రమాణం కావాలన్నాడు. దాని పేరు అనుపలబ్ధి, కనబడకపోవడం. ప్రభాకరుడి శిష్యులు ఇద్దరినీ తోసేసి, అభావమనే వస్తువే లేదు, ఉన్నది ఉత్త నేలే అన్నారు. ఇదంతా ఇరవై రెండు పేజీలు వచ్చింది. ఒక యూనివర్సిటీ వాళ్లు పదిహేనుకు మించకూడదన్నారు. ఏడు పేజీలు కోయాలి. మూడు రోజులు అన్నం మానేసి, చివరికి ప్రాభాకరులను తీసేసింది. అభావం లేదన్నవాళ్లు తామే అభావమయ్యారు.

ఇక ఆ తొమ్మిది ఎలా వచ్చాయంటే, దానికో జాబితా ఉంది. బ్రయన్ లైటర్ అనే ఆయన 1989లో మొదలుపెట్టిన ఫిలసాఫికల్ గూర్మే రిపోర్ట్. గూర్మే అంటే తిండి రుచి తెలిసినవాడట. నేను చాలాకాలం అది అమెరికా హోటళ్ల పట్టిక అనుకున్నాను. అందులో న్యూయార్క్ యూనివర్సిటీ, రట్‌గర్స్, ప్రిన్స్‌టన్ ఏళ్ల తరబడి పై వరుసలో కూర్చుని ఉన్నాయి. కానీ కుమారిలుడి మీద పని చేస్తానంటే పై వరుస అంతగా పనికిరాదు. అమెరికాలో భారతీయ తత్త్వం చెప్పేవాళ్లు ఎక్కువగా మతాధ్యయన శాఖల్లోనో దక్షిణాసియా శాఖల్లోనో ఉంటారు. ఫిలాసఫీ శాఖలో అలాంటివాళ్లు ఒక్కరున్నా అది పండగే. ఆ ఒక్కరు సెలవులో లేకుండా, రిటైర్ కాకుండా, మరో యూనివర్సిటీకి మారకుండా ఉండాలి. బిమల్ కృష్ణ మతిలాల్ హార్వర్డ్‌లో నవ్యన్యాయంలో అభావం మీదే పరిశోధన చేసి 1965లో డాక్టరేటు తీసుకున్నాడని అమ్మాయి అందరికీ చెబుతుండేది. “ఆ కాలేజీకి మన వైపు ఎక్కడా బ్రాంచి లేదా?” అని మా బావ.

పరిశీలనలో = పరి అంటే చుట్టూ. శీలనమంటే మళ్లీ మళ్లీ చేయడం. చుట్టూ మళ్లీ మళ్లీ తిరగడమే పరిశీలనమైతే, ఆ పని కమిటీ కన్నా ముందు చేసింది మా చెల్లెలు. చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చింది. కోరిక తీరితే నూట ఎనిమిది. ఇక్కడ మా ఇంట్లో ఒక వాదం పుట్టింది. ఆ స్వామి వీసా బాలాజీగా ప్రసిద్ధుడు. వీసా అనేది అడ్మిట్ వచ్చాక సంగతి. అడ్మిట్ రాకముందే వీసా దేవుణ్ని అడగటం ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందని నా పూర్వపక్షం. “వీసా ఇప్పించేవాడు అడ్మిట్ లేకుండా వీసా ఎలా ఇప్పిస్తాడన్నయ్యా? అదీ ఆయనే చూసుకోవాలి” అని చెల్లెలి సిద్ధాంతం. ఇది లేనిదే అది పొసగదు గనుక ఇదీ ఉండాలనే అర్థాపత్తి ప్రమాణాన్ని ఇంత శుద్ధంగా వాడినవాళ్లను నేను చూడలేదు. పూర్వపక్షం ఉపసంహరించుకున్నాను.

‘లో’ సంగతి చూద్దాం. సంస్కృతంలో ఇది సప్తమి, అధికరణం మూడు రకాలు. చాప మీద కూర్చున్నట్టు పైపైన అంటుకుని ఉండటం ఒకటి. మోక్షంలో కోరిక ఉన్నట్టు, మనసు అటు తిరిగి ఉండటం ఒకటి. నువ్వుల్లో నూనె ఉన్నట్టు నిండా వ్యాపించి ఉండటం మూడోది. పరిశీలనలో దరఖాస్తు నువ్వుల్లో నూనెలా ఉందని జనవరిలో అమ్మాయి నమ్మకం. ఫిబ్రవరి నాటికి చాప మీదికి దిగింది. అయితే చిన్నయసూరి తెలుగు విభక్తుల్లో ‘లో’ను సప్తమిలో పెట్టలేదు, ‘యొక్క’తో పాటు షష్ఠిలో పెట్టాడు. షష్ఠికి సంబంధం అర్థం. అంటే దరఖాస్తుకూ పరిశీలనకూ ఏదో సంబంధం ఉందని చెప్పవచ్చు గానీ, దరఖాస్తు పరిశీలన లోపల కూర్చుని ఉందని చెప్పలేం. మహానుభావుడు ముందే చూశాడు.

లోపల జరిగేది ఇదట. శాఖలో నలుగురైదుగురు అధ్యాపకులు కమిటీగా కూర్చుంటారు. జనవరి అంతా చదువుతారు. పాఠాలు చెప్పుకుంటూ, తమ వ్యాసాలు రాసుకుంటూ, సాయంత్రాలు ఇవి చదువుతారు. మొదటి వడపోతలో మార్కులు, ఉత్తరాలు, స్టేట్‌మెంటు. మిగిలినవాళ్ల శాంపిళ్లు కూలంకషంగా చదివి కొట్లాడుకుంటారు. చివరికి చేరేది అయిదారుగురు, మహా అయితే ఎనిమిదిమంది. కారణం డబ్బు. ఫిలాసఫీలో పీహెచ్‌డీ సీటంటే ఫీజు మాఫీ, అయిదేళ్లపాటు స్టైపెండు. ప్రతి సీటూ శాఖ నెత్తి మీద ఒక బరువు. కరోనా ఏడాది కొన్ని యూనివర్సిటీలు మానవీయ శాస్త్రాల్లో ప్రవేశాలే ఆపేశాయి. ఆ అయిదారుగురిలోనూ అందరూ ఒకే రంగం వాళ్లైతే కుదరదు. నిరుడు నీతిశాస్త్రం వాళ్లు ఎక్కువైతే ఈ ఏడు తర్కం వాళ్లు కావాలి. దీన్ని వాళ్లు ‘ఫిట్’ అంటారు. పెళ్లి సంబంధాల్లో జాతకం కుదరలేదనడం లాంటిది. అమ్మాయిలో లోపం లేదు, అబ్బాయిలోనూ లేదు, నక్షత్రాలు అలా ఉన్నాయి.

ఉన్నది = ఉన్న ప్లస్ అది. క్రియలా కనబడే నామవాచకం. వేదాంతులు సత్పదార్థానికి ఈ మాటే వాడతారు. ఎప్పటి నుంచి ఉన్నది? చెప్పదు. ఎప్పటిదాకా? చెప్పదు. ఎవరైనా ముట్టుకున్నారా? చెప్పదు. పుట్టుక, పెరుగుదల, మార్పు, తరుగుదల, నాశనం ఏవీ దానికి అంటలేదు. ఫిబ్రవరి రెండో వారంలో అమ్మాయి “మామయ్యా, కనీసం ఒక్క అక్షరమైనా మారలేదు” అంది. వికారం లేకపోవడం ఉపనిషత్తుల్లో గొప్ప లక్షణమని చెప్పబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాను.

శంకలు, సమాధానాలు

ఇంత చదువుకున్నది గదా, ఎందుకంత ఆత్రం అని ఒక శంక. ఇది అడిగినవాడు మా బావ. పగలంతా ఫోను ముట్టుకోవడం లేదు, బుద్ధిగా ఉంది అని కూడా అన్నాడు. శాస్త్రంలో దేవదత్తుడని ఒకడున్నాడు. పగలు ముద్ద ముట్టడు, అయినా లావుగా ఉన్నాడు. కనుక రాత్రి తింటున్నాడని ఊహించాలి. ఇదే అర్థాపత్తికి పాత ఉదాహరణ. అమ్మాయి పగలు ఫోను ముట్టుకోదు, కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. చలికాలంలో న్యూయార్కు మనకు పదిన్నర గంటలు వెనక. అక్కడ ఆఫీసు తెరిచే తొమ్మిదింటికి ఇక్కడ రాత్రి ఏడున్నర. అక్కడ మూసే అయిదింటికి ఇక్కడ తెల్లవారుజామున మూడున్నర. కాలిఫోర్నియా వాళ్ల అయిదంటే మనకు పొద్దున్న ఆరున్నర, పాలవాడి వేళ. దేవదత్తుడు ఎప్పుడు తింటున్నాడో తెలిసింది గదా. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారాలు గంట ముందుకు తిప్పుకున్నారు. ఇక్కడ ఒకరి నిద్రవేళ సాయంత్రం ఆరున్నరకే తెరిచే ఆ ఆఫీసు కోసం మళ్లీ సర్దుకుంది.

ఉత్తరం రాలేదంటే లేదనే అర్థమా అని రెండో శంక. ఇది అసలు శంక. దీని మీదే ఆమె ఇరవై రెండు పేజీలు రాసింది గనుక, సమాధానం ఆమె నోటి నుంచే రావాలని అడిగాను. మీమాంసకులు ఒక షరతు పెట్టారు. కనబడనంత మాత్రాన లేనట్టు కాదు. ఉండి ఉంటే కనబడి తీరేదై ఉండి, అయినా కనబడకపోతే అప్పుడు లేదనాలి. చీకట్లో కుండ కనబడలేదంటే కుండ లేదని కాదు, దీపం లేదని. “అయితే మనకు దీపముందా?” అన్నాను. చాలాసేపు ఆలోచించింది. ఫిలాసఫీ శాఖలు ముందు తీసుకున్నవాళ్లకు చెబుతాయి. తర్వాత వెయిట్‌లిస్టు. తోసేసినవాళ్లకు ఎప్పుడో తీరిగ్గా చెబుతాయి, కొందరికి చెప్పనే చెప్పవు. ఫలానా శాఖ అడ్మిట్లు పంపేసిందని స్నేహితురాలి ద్వారా తెలిసి, తనకు రాలేదంటే, దీపం వెలిగినట్టే. కుండ లేనట్టే. “కానీ మామయ్యా, వెయిట్‌లిస్టు వాళ్లకు కూడా మొదటి రోజు ఏమీ చెప్పరట” అంది. దీపం ఉంది, కొండెక్కుతోంది. ఆ రాత్రి స్పాం ఫోల్డరు నాలుగుసార్లు చూసింది. కుమారిలుడి షరతును ఇంత నిష్ఠగా పాటించిన శిష్యురాలు ఆయనకు ఎనిమిదో శతాబ్దం తర్వాత దొరికి ఉండదు.

మూడో శంక తిరస్కార లేఖల గురించి. ఫిబ్రవరి నెలాఖరు నుంచి మార్చి మధ్యకు ఆరు వచ్చాయి. ఆరింటిలోనూ ఒకటే హేతువు: ఈ ఏడాది అసాధారణ సంఖ్యలో అర్హులు దరఖాస్తు చేశారు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ‘అసాధారణం’ అనేది హేత్వాభాసాల్లో ఒకటి, అంటే హేతువులా కనబడే దొంగ హేతువు. ఆ లక్షణం ఇక్కడ అక్షరాలా పట్టదని అమ్మాయి సవరించింది. నేను పేరు పట్టుకుని వేలాడుతున్నానట. కావచ్చు. కానీ ప్రతి ఏడూ అసాధారణమైతే, అది సాధారణం గాక మరేమిటని నా పట్టు. సాధారణం కూడా అదే జాబితాలో ఉన్న మరో హేత్వాభాసం. ఎటు తిరిగినా అన్నంభట్టు చేతికి చిక్కుతారు.

ఈ దశలో ఓదార్పుగా నేను కాంట్ సంగతి ఎత్తాను. 1755 నుంచి జీతం లేని అధ్యాపకుడిగా పిల్లల ఫీజుల మీద బతికి, 1770లో నలభై ఆరో ఏట గానీ ప్రొఫెసరు కాలేదు. పదిహేనేళ్లు. అమ్మాయి విని, “ఆయనకు పోర్టల్ లేదు మామయ్యా” అంది. దీనికి సమాధానం నాకు దొరకలేదు. శంకగానే ఉంచాను.

తాత్పర్యం

ఏమీ తెలియదు.

విశేషాలు

మల్లినాథుడు మేఘసందేశానికి కూడా టీక రాశాడు. అందులో యక్షుడికి శాపం ఏడాది. మేఘంతో కబురు పంపేటప్పటికి మిగిలింది నాలుగు నెలలు, విష్ణువు శేషశయ్య మీద నుంచి లేచేదాకా. ఈ లెక్క చాలాసార్లు పాఠం చెప్పాను గానీ, దాన్ని ఇంట్లో ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడటం ఇదే మొదలు. డిసెంబరు 15 నుంచి ఏప్రిల్ 15. సరిగ్గా నాలుగు నెలలు. ఏప్రిల్ 15 ఎందుకంటే, అమెరికాలో కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే సంఘం దగ్గర యూనివర్సిటీలు ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాయి. స్టైపెండుతో సీటిస్తామన్న విద్యార్థిని ఆ తేదీకి ముందే ఏదో ఒకటి తేల్చమని తొందరపెట్టకూడదు. విద్యార్థి మేలు కోరి పెట్టుకున్న నియమం. దాని ఇంకో కొస ఎవరి చేతిలో ఉంటుందంటే, వెయిట్‌లిస్టులో ఉన్నవాళ్ల చేతిలో.

ఏడో ఉత్తరం మార్చి 20 ప్రాంతంలో వచ్చింది. వెయిట్‌లిస్టు. అవునూ కాదు, కాదూ కాదు. అద్వైతులు సత్తూ కాదు, అసత్తూ కాదు, అనిర్వచనీయం అంటారే, ఆ ముద్ర వేసుకుని వచ్చింది. దాని పని ఎలా జరుగుతుందో అమ్మాయి కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. ఎక్కడో ఒక పిల్లకు నాలుగు చోట్ల సీటొచ్చింది. ఆమె నాలుగూ ఒళ్లో పెట్టుకుని, మార్చిలో ఒక్కో ఊరూ చూసి, ప్రొఫెసర్లతో భోంచేసి, తేల్చుకోలేక కూర్చుంది. ఆమె ఒకటి ఎంచుకుని మూడు వదిలితే, మూడు చోట్ల మూడు సీట్లు కిందికి జారుతాయి. అవి పడినవాళ్లు తమ చేతిలో ఉన్నవి వదులుతారు. గొలుసులా అది కదిలి కదిలి, చివరికి ఎక్కడో హైదరాబాదులో ఒక ఫోను మోగాలి. ఇదంతా ఏప్రిల్ 14, 15 తేదీల్లో ముప్ఫై ఆరు గంటల్లో జరుగుతుందట. మా చెల్లెలు ఆ ముక్కూ మొహం తెలియని పిల్లకు మంచి బుద్ధి పుట్టాలని రోజూ దీపం పెట్టేది. పేరు తెలియదు గనుక సంకల్పంలో ‘ఆ పిల్ల’ అని చెప్పుకునేది. ఏ గోత్రమో అని నేనంటే కోప్పడింది.

ఏప్రిల్ 15న వాళ్లకు పగలు, మనకు రాత్రి. భోజనాలయ్యాక ఎవరూ పడుకోలేదు, పడుకోలేదని ఎవరూ చెప్పలేదు. పన్నెండున్నరకు బావ మంచినీళ్లకని లేచాడు. ఒంటిగంటకు నేను లేచాను. రెండుంబావుకు అమ్మాయి గదిలోంచి కుర్చీ జరిగిన చప్పుడు. తలుపు తీసుకుని వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడింది. ఏడుస్తోంది. చూసి నేను అనుమానించాను. శాస్త్రంలో పొగ ఉంటే నిప్పు, ఇక్కడ కన్నీళ్లుంటే తిరస్కారం, ఆరుసార్లు చూసిన వ్యాప్తి. వ్యాప్తి తప్పింది. ఫోను నా చేతికిచ్చింది. కళ్లజోడు వెతుక్కునేలోగా మా చెల్లెలు “నూట ఎనిమిది” అని లెక్క చెప్పేసింది.

ఆ ‘పిల్ల’ ఎవరో, చివరికి ఏ ఊరు వెళ్లిందో మాకు తెలియదు. ఆమె ఏ కారణం చేత మనసు మార్చుకుందో, భోజనం నచ్చలేదో, ఊళ్లో చలి ఎక్కువో, అమ్మానాన్నలకు దూరమో, దాని మీద మా అమ్మాయి అయిదేళ్ల జీవితం నిలబడి ఉంది. కమిటీ నెలంతా చదివిన మాట నిజమే. కుమారిలుడి మీద రాసిన పేజీలు బాగున్నాయని ఆ శాఖలో ఒకాయన తర్వాత ఉత్తరం కూడా రాశాడు. అవి జనవరిలోనూ అంతే బాగున్నాయి.

ఆగస్టులో నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేటులో వీసా పనులు ముగించుకుని, చిలుకూరులో తల్లీకూతుళ్లు లెక్క అప్పజెప్పి, అమ్మాయి విమానమెక్కింది. ప్రాభాకరుల ఏడు పేజీలు కూడా పట్టుకెళ్లింది. వాళ్లకు అక్కడ చోటు దొరుకుతుందేమో చూస్తానంది.

మరి తొమ్మిదింటిలో మిగిలినవి రెండు. ఎనిమిదో చోటి నుంచి మే నెలలో తిరస్కారం వచ్చింది. అప్పటికే సీటు ఖాయమైంది గనుక అమ్మాయి దాన్ని తెరిచి, “అసాధారణ సంఖ్య” అన్న చోట నాకు చూపించి నవ్వింది. తొమ్మిదో చోటి నుంచి ఏమీ రాలేదు. వెళ్లేముందు టీక పూర్తి చేసుకోమని దాని పాస్‌వర్డు నాకు చీటీ మీద రాసిచ్చింది. అక్కడ తరగతులు మొదలై చాలా రోజులైంది. ఈ ఏడాది దరఖాస్తులకు పోర్టల్ మళ్లీ తెరిచారు కూడా. నేను సోమవారాలు, ఒక్కోసారి గురువారాలు, రాత్రి ఏడున్నర దాటాక చూస్తుంటాను. మూలం మారితే టీక తిరగరాయాలి గదా. నిన్న కూడా చూశాను. ఉన్నది.